చూసే కన్ను

పాఠం ఉద్దేశం: రూపాన్ని బట్టి తోటివారిని హేళన చేయడం వల్ల కలిగే బాధను గుర్తించడం, ముఖానికి చేసే శస్త్రచికిత్సల చరిత్రను, అవి చేయగల మేలును, వాటి పరిమితులను తెలుసుకోవడం, ఆత్మాభిమానాన్ని పెంపొందించుకోవడం ఈ పాఠం ఉద్దేశాలు.

‘పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం’ అని తెలుగు సామెత. పాఠశాలల్లో ఒకరి రూపాన్ని చూసి మరొకరు చేసే హేళనకు ఈ సామెత చక్కగా సరిపోతుంది. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరు హాజరుపట్టీలోనే మిగిలిపోతుంది. ‘పొట్టి’, ‘బొండాం’, ‘ఎండుపుల్ల’, ‘సోడాబుడ్డి’ అనే పేర్లు నోళ్ళలో స్థిరపడతాయి. అలా పిలిచినవారు గంట కొట్టగానే ఆ మాట మరచిపోతారు. ఆ మాట పడినవారు మాత్రం ఇంటికి వెళ్ళి అద్దం ముందు నిలబడతారు. నిన్నటివరకు పట్టించుకోని ముక్కు, చెవులు, పళ్ళు, ఒంటిరంగు ఆనాటి నుంచి పెద్ద లోపాలుగా కనిపించసాగుతాయి.

కౌమారంలో ఈ బాధ మరింత ఎక్కువ. సుమారు పది, పన్నెండేళ్ళ వయసు నుంచి శరీరం త్వరత్వరగా మారుతుంది. ముఖంలోని భాగాలన్నీ ఒకే కాలంలో, ఒకే వేగంతో పెరగవు. కొందరికి ముక్కు ముందుగా ఎదుగుతుంది, దవడ తరువాత ఎదుగుతుంది. మొటిమలు వస్తాయి. మగపిల్లల గొంతు మారుతుంది. కాబట్టి పద్నాలుగేళ్ళ వయసులో అద్దంలో కనిపించే ముఖం ఇంకా పూర్తికాని ముఖం. సగం కట్టిన ఇంటిని చూసి ఆ ఇల్లు బాగాలేదని తీర్పు చెప్పడం ఎంత తొందరపాటో, ఆ వయసులో తన ముఖాన్ని గురించి తీర్పు చెప్పుకోవడమూ అంతే తొందరపాటు.

అందరూ తననే చూస్తున్నారనే భావన కూడా ఈ వయసులో బలంగా ఉంటుంది. దీనిని గురించి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు ఒక ప్రయోగం చేసి, 2000వ సంవత్సరంలో ఫలితాలను ప్రకటించారు. వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న చొక్కాను ఒక విద్యార్థికి తొడిగి, ఇతరులు కూర్చున్న గదిలోకి పంపారు. ఎంతమంది తన చొక్కాను గమనించి ఉంటారని తరువాత అడిగారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారని ఆ చొక్కా వేసుకున్న విద్యార్థులు ఊహించారు. నిజానికి గమనించినవారు నాలుగోవంతు కంటే తక్కువ. మనిషి తన లోపాలుగా భావించుకునే వాటిని లోకం అంతగా పట్టించుకోదని ఈ ప్రయోగం తెలియజేస్తున్నది. ఎవరి బాధలు వారికి, ఎవరి అద్దం వారికి ఉన్నాయి.

అయితే, ఎవరూ చూడడంలేదని చెప్పినంత మాత్రాన అందరి బాధా తీరదు. కొందరిని నిజంగానే వేలెత్తి చూపుతారు. అమెరికాలో ఒక బాలికకు చెవులు కొంచెం ముందుకు పొడుచుకొని ఉండేవి. ఆమెకు ఏడేళ్ళ వయసు నుంచే తోటి పిల్లలు ఆమెను ‘డంబో’ అని ఏడిపించేవారు. 1941లో వచ్చిన ఒక బొమ్మల చలనచిత్రంలో పెద్ద చెవులున్న ఏనుగు పిల్ల పేరు అది. పదేళ్ళ వయసులోనే ఆ బాలిక తన చెవులను శస్త్రచికిత్సతో సరిచేయించమని తల్లిని అడిగింది. అంత ఖర్చు ఆ కుటుంబానికి తలకు మించిన పని. చివరకు ఒక ధర్మసంస్థ ముందుకు వచ్చింది. 2012లో, ఆమెకు పద్నాలుగేళ్ళ వయసులో, ఉచితంగా శస్త్రచికిత్స జరిగింది. ఆమె కోరినది చెవులను సరిచేయడమే అయినా వైద్యుని సలహా మీద ముక్కుకు, గడ్డానికి కూడా చికిత్స చేశారు. కట్లు విప్పి అద్దం చూపినప్పుడు ఆమె ఎంతో సంతోషించింది.

ఈ వార్త పత్రికలలో, టెలివిజన్‌లో వచ్చినప్పుడు పెద్ద చర్చ జరిగింది. ఆ బాలిక బాధ తీరింది కదా, అంతకంటే ఏం కావాలని కొందరు అన్నారు. తప్పు చేసినవారు హేళన చేసినవారు. కత్తి కిందికి వెళ్ళవలసివచ్చినది మాత్రం ఏ తప్పూ చేయని ఆ బాలిక, ఇదేమి న్యాయమని మరికొందరు ప్రశ్నించారు. ఆమె చెవులు మారాయి గాని హేళన చేసినవారి నోళ్ళు మారాయా, వారు రేపు మరొకరిని ఏడిపించరా అని కూడా అడిగారు. ఈ రెండు వాదాలలోనూ సత్యం ఉంది. బాధపడుతున్న పిల్లకు ఊరట కావాలి. ఊరట ఇచ్చినంత మాత్రాన అన్యాయం తొలగిపోయినట్లు కాదు.

‘డంబో’ కథలో మరొక విశేషం ఉంది. అందరూ నవ్విన ఆ పెద్ద చెవులనే రెక్కలుగా చేసుకొని ఆ ఏనుగు పిల్ల ఆకాశంలో ఎగురుతుంది. ఆ పేరుతో వెక్కిరించినవారికి కథ సగమే గుర్తుండి ఉంటుంది.

ముఖానికి శస్త్రచికిత్స చేయడం కొత్త విద్య కాదు. భారతదేశానికి ఈ విద్యలో ఎంతో పూర్వచరిత్ర ఉంది. ప్రాచీన వైద్యగ్రంథమైన సుశ్రుత సంహితలో తెగిన ముక్కును తిరిగి నిర్మించే పద్ధతి వివరంగా ఉంది. ముక్కు కొలతకు సరిపోయే ఆకును తీసుకొని, ఆ కొలత ప్రకారం చెంప నుంచి చర్మాన్ని తీసి, ముక్కు ఉండవలసిన చోట అతికించాలని అందులో చెప్పారు. ఆ కాలంలో ముక్కు కోయడం ఒక శిక్ష. ముక్కు పోయినవారికి పరువు కూడా పోయేది. అందుచేత ముక్కును నిర్మించే వైద్యుడు ముఖానికే కాక మనిషి గౌరవానికి కూడా చికిత్స చేసేవాడు.

ఈ విద్య పాశ్చాత్య దేశాలకు చేరిన తీరు చెప్పుకోదగినది. ఆంగ్లేయులకూ టిప్పు సుల్తానుకూ మధ్య జరిగిన మూడవ మైసూరు యుద్ధం 1792లో ముగిసింది. ఆ యుద్ధకాలంలో ఆంగ్లేయుల సైన్యంలో ఎడ్లబండి తోలే కవాస్జీ అనే వ్యక్తి టిప్పు సైన్యానికి పట్టుబడ్డాడు. వారు అతని ముక్కును, ఒక చేతిని నరికివేశారు. ఏడాది తరువాత పూణేలో ఒక వైద్యుడు అతనికి కొత్త ముక్కును నిర్మించాడు. మైనంతో ముక్కు నమూనా చేసి, దాని కొలత ప్రకారం నుదుటి నుంచి చర్మాన్ని మళ్ళించి ముక్కుగా అమర్చాడు. ఆ వైద్యుడు ఇటుకలు చేసే వృత్తివారికి చెందినవాడు. అతని పేరును ఎవరూ వ్రాసిపెట్టలేదు. ఈ చికిత్సను గురించిన వ్యాసం 1794 అక్టోబరులో లండన్‌లోని ‘జెంటిల్‌మన్స్ మాగజీన్’లో బొమ్మతో సహా అచ్చయింది. దానిని చదివి ప్రేరణ పొందిన జోసెఫ్ కార్ప్యూ అనే శస్త్రవైద్యుడు 1814లో లండన్‌లో అదే పద్ధతిలో ముక్కును నిర్మించి, 1816లో గ్రంథం ప్రకటించాడు. ‘ప్లాస్టిక్ సర్జరీ’ అనే పేరులోని ‘ప్లాస్టిక్’ అంటే మలచడం అని అర్థం. గ్రీకు భాషలోని మాట అది. మట్టిని మలిచే వృత్తివారి చేతిలో ఆ విద్య భద్రంగా ఉండటం అర్థవంతంగానే ఉంది.

ఈనాడు ఈ శస్త్రచికిత్సలు ప్రధానంగా రెండు విధాలు. పుట్టుకతో వచ్చిన లోపాన్ని, ప్రమాదం వల్లనో వ్యాధి వల్లనో కలిగిన లోపాన్ని సరిచేసేది మొదటి విధం. కాలిన గాయాలకు చేసే చికిత్సలు, గ్రహణమొర్రికి చేసే చికిత్స ఇందులోకి వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న అవయవాన్ని మరింత అందంగా మలచడానికి చేసేది రెండవ విధం.

గ్రహణమొర్రి అంటే పై పెదవి లేదా అంగిలి చీలి ఉండటం. ప్రపంచంలో సుమారు 700 మంది శిశువులలో ఒకరు ఈ లోపంతో పుడతారు. గర్భిణి గ్రహణం చూడటం వల్ల ఇది వస్తుందనేది మూఢనమ్మకం మాత్రమే. తల్లి గర్భంలో తొలి వారాలలోనే ముఖభాగాలు కలుసుకొని అతుక్కోవాలి; అవి సరిగా కలవకపోవడమే ఈ లోపానికి కారణం. దీనివల్ల పాలు తాగడం, మాట్లాడటం కష్టమవుతాయి. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ జిల్లాకు చెందిన పింకీ అనే చిన్నారి పెదవి చీలి పుట్టింది. తోటి పిల్లలు వెలివేసినట్లు చూడటం వల్ల ఆమె బడికి దూరమైంది. వారణాసిలో ఆమెకు ఉచితంగా శస్త్రచికిత్స జరిగింది. ఆమె కథతో తీసిన ‘స్మైల్ పింకీ’ అనే లఘు చిత్రానికి 2009లో ఆస్కార్ బహుమతి లభించింది. 2013లో వింబుల్డన్ పురుషుల టెన్నిస్ తుదిపోటీలో నాణెం ఎగురవేసే గౌరవం ఆమెకు దక్కింది. ఇటువంటి చికిత్సను ఎవరూ తప్పుపట్టరు. పిల్లలు దానిని గురించి సిగ్గుపడవలసిన పని కూడా లేదు.

రెండవ విధం చికిత్స విషయంలో మాత్రం చాలా ఆలోచించాలి. ముక్కు పూర్తిగా ఎదగకముందే దాని ఆకారాన్ని మారిస్తే, తరువాతి ఎదుగుదల వల్ల అది మళ్ళీ మారవచ్చు. అందువల్ల సాధారణంగా ఆడపిల్లలకు 15, 16 ఏళ్ళు, మగపిల్లలకు 16, 17 ఏళ్ళు వచ్చేవరకు వైద్యులు ఆగమంటారు. చెవులు త్వరగా ఎదుగుతాయి గనుక వాటిని చిన్నతనంలోనే సరిచేయవచ్చు. ఏ శస్త్రచికిత్సకైనా మత్తుమందు వల్ల, చీము పట్టడం వల్ల, మచ్చలు మిగలడం వల్ల కొంత ప్రమాదం ఉంటుంది. ఒక్కొక్కసారి రెండవసారి కూడా చికిత్స చేయవలసివస్తుంది. మంచి వైద్యుడు కత్తి పట్టకముందు ఒక ప్రశ్న అడుగుతాడు: “ఈ కోరిక నీదా, నిన్ను వెక్కిరించినవారిదా?”

కొందరిలో ఉన్న లోపం చాలా చిన్నది. ఒక్కొక్కప్పుడు అసలు లోపమే ఉండదు. అయినా వారు గంటల తరబడి అద్దం చూసుకుంటారు, లేదా అద్దాన్ని చూడటానికే భయపడతారు. ముఖం దాచుకుంటారు, బడి మానేస్తారు. ఇది ‘బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్’ అనే మానసిక వ్యాధి కావచ్చు. ఇది ఎక్కువగా కౌమారంలోనే మొదలవుతుంది. దీనికి శస్త్రచికిత్స మందు కాదు. ముక్కును సరిచేస్తే బాధ గడ్డం మీదికి మళ్ళుతుంది. మానసిక వైద్యుల సలహా, చికిత్స వల్ల ఈ వ్యాధి తగ్గుముఖం పట్టవచ్చు.

శస్త్రచికిత్స ఏమీ చేయలేని సందర్భాలు కూడా ఉన్నాయి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 1989లో జన్మించిన లిజ్జీ వెలాస్క్వెజ్‌కు అతి అరుదైన వ్యాధి ఉంది. ఎంత తిన్నా ఆమె శరీరంలో కొవ్వు నిలవదు. ఆమె ముఖం చిన్న వయసులోనే ముడుతలు పడినట్లు కనిపిస్తుంది. ఒక కంటికి చూపు లేదు. శిశు తరగతిలో చేరిన మొదటిరోజే తోటి పిల్లలు ఆమెను చూసి బెదిరిపోయారు. తల ఎత్తుకొని, చిరునవ్వుతో, తాను తానుగానే ఉండమని తల్లిదండ్రులు ఆమెకు ధైర్యం చెప్పారు. పదిహేడేళ్ళ వయసులో ఆమెకు మరింత పెద్ద దెబ్బ తగిలింది. ఎవరో ఆమె దృశ్యాన్ని ‘ప్రపంచంలోకెల్లా కురూపి’ అనే పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టారు. దానిని లక్షలాది మంది చూశారు. ముక్కూముఖం తెలియనివారు వేల సంఖ్యలో క్రూరమైన మాటలు వ్రాశారు.

ఆమె ఎంతో ఏడ్చింది. తరువాత ఆ మాటలకు తిట్లతో బదులు చెప్పకుండా తన జీవితంతోనే బదులు చెప్పాలని నిశ్చయించుకుంది. ఉపన్యాసకురాలు కావాలని, పుస్తకం వ్రాయాలని, కళాశాల చదువు పూర్తిచేయాలని లక్ష్యాలు పెట్టుకుంది. మూడింటినీ సాధించింది. 2013లో ఆమె చేసిన ఉపన్యాసాన్ని కూడా లక్షలాది మంది చూశారు. 2015లో ఆమె జీవితంపై చిత్రం వచ్చింది. పాఠశాలల్లో వేధింపులను అరికట్టే చట్టం కోసం ఆమె తమ దేశపు చట్టసభ సభ్యులను కలిసి ప్రచారం చేసింది. ఆమె ముఖం మారలేదు. ఆ ముఖాన్ని చూసి లోకం తలచుకునే మాట మారింది.

చూసేవారి కన్ను మారితే బాధితుల జీవితం ఎంతగా మారుతుందో ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణం నిరూపించింది. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు హెరాల్డ్ గిలీస్ అనే వైద్యుడు సిడ్కప్ ఆసుపత్రిలో వేల సంఖ్యలో శస్త్రచికిత్సలు చేశాడు. ఆ వార్డులలో అద్దాలు ఉంచేవారు కాదు. సైనికులు బయట కూర్చునే బల్లలకు నీలిరంగు వేసేవారు. ఆ రంగు చూసి, వికృతమైన ముఖాలు కనిపించవచ్చునని దారిన పోయేవారు ముందుగానే తెలుసుకొనేవారు.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే పట్టణంలో ఆర్చిబాల్డ్ మెకిండో మరొక మార్గం తొక్కాడు. మంటల్లో చిక్కి ముఖాలు, చేతులు కాలిపోయిన యువ విమానచోదకులు ఆయన రోగులు. వారిలో చాలామంది ఇరవై ఏళ్ళు దాటీ దాటనివారు. చర్మాన్ని అతికించడంతో తన పని తీరిపోదని మెకిండో గ్రహించాడు. పట్టణ ప్రజలను కలిసి, ఈ యువకులు వీధిలోకి వస్తే గుడ్లప్పగించి చూడవద్దని, ముఖం తిప్పుకోవద్దని, అందరితో మాట్లాడినట్లే మాట్లాడమని కోరాడు. ప్రజలు అంగీకరించారు. వారిని ఇళ్ళకు భోజనానికి పిలిచారు. దుకాణాలలో, వినోదశాలలలో మామూలు మనుషులుగా ఆదరించారు. చికిత్సలో కొత్త పద్ధతులను తమ మీద ప్రయోగిస్తున్నారు గనుక, ఆ యువకులు 1941లో ‘గినీపిగ్ క్లబ్’ అని సరదాగా పేరు పెట్టుకొని ఒక సంఘం స్థాపించుకున్నారు. యుద్ధం ముగిసేనాటికి అందులో 649 మంది సభ్యులున్నారు. ‘గుడ్లప్పగించి చూడని పట్టణం’ అని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌కు పేరు వచ్చింది. ఒక ఊరికి ఇంతకంటే గొప్ప బిరుదు ఏముంటుంది?

ఒక పట్టణం చేయగలిగిన పని ఒక తరగతి గది చేయలేదా? తరగతిలో ఒకరు వెక్కిరిస్తే పదిమంది నవ్వుతారు. ఆ నవ్వే వెక్కిరింతకు బలం. పదిమందిలో ఇద్దరు నవ్వకపోతే ఆ మాట చప్పబడుతుంది. ఒకరు లేచి బాధపడినవారి పక్కన కూర్చుంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. రంగును, ఎత్తును వెక్కిరించడం ఎంత తప్పో, యాసను వెక్కిరించడమూ అంతే తప్పు. హోసూరు తెలుగు, బళ్ళారి తెలుగు, బరంపురం తెలుగు, సోలాపురం తెలుగు, యానాం తెలుగు ఏ ఊరి అందం ఆ ఊరిది. ముఖాలూ అంతే.

హేళనకు గురైన పిల్లలు ఆ బాధను లోపల దాచుకోరాదు. తల్లిదండ్రులకో, నమ్మకమైన ఉపాధ్యాయులకో చెప్పాలి. అది చాడీ చెప్పడం కాదు. అన్యాయాన్ని తెలియజేయడం. ఇంట్లో, బడిలో చెప్పుకొనే వీలు లేనప్పుడు ఆపదలో ఉన్న పిల్లల కోసం ఏర్పాటైన 1098 నంబరుకు ఫోను చేయవచ్చు. మనసు కుంగిపోయినప్పుడు, 2022లో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

శస్త్రచికిత్స ముక్కును మలచగలదు, చీలిన పెదవిని కలపగలదు. మనిషి విలువను పెంచడం గాని, తగ్గించడం గాని దానివల్ల కాదు. ఆ విలువ ముఖంతోపాటు పుట్టినది; ముఖం మారినా మారనిది.

అర్థాలు

హేళన = ఎగతాళి, వెక్కిరింత
కౌమారం = బాల్యానికీ యౌవనానికీ మధ్య దశ
శస్త్రచికిత్స = కోసి చేసే వైద్యం, ఆపరేషను
గ్రహణమొర్రి = పుట్టుకతో పెదవి లేదా అంగిలి చీలి ఉండటం
ఛిద్రమైన = చీలికలైన, పాడైన
విమానచోదకుడు = విమానం నడిపేవాడు

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు రెండు, మూడు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. కౌమారంలోని ముఖాన్ని సగం కట్టిన ఇంటితో ఎందుకు పోల్చారు?
2. కవాస్జీకి పూణే వైద్యుడు చేసిన చికిత్స ఎటువంటిది?
3. గ్రహణమొర్రిని గురించిన మూఢనమ్మకం ఏది? అసలు కారణం ఏది?

ఆ) క్రింది ప్రశ్నలకు పది వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. చెవులకు శస్త్రచికిత్స చేయించుకున్న బాలిక విషయంలో రెండు వాదాలు వచ్చాయి. మీరు ఏ వాదాన్ని సమర్థిస్తారు? ఎందుకు?
2. సిడ్కప్ ప్రజలకు నీలిరంగు బల్లలు చేసిన సూచనకూ, ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ప్రజలను మెకిండో కోరినదానికీ ఉన్న తేడాను వివరించండి.

ఇ) క్రింది జాతీయాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
తలకు మించిన పని, గుడ్లప్పగించి చూడటం, వేలెత్తి చూపడం

ఈ) క్రింది పదాలను విడదీసి, సంధి పేరు వ్రాయండి.
ఆత్మాభిమానం, అదేమి, ఏముంటుంది

ఉ) క్రింది సమాసాలకు విగ్రహవాక్యాలు వ్రాయండి.
తల్లిదండ్రులు, శస్త్రచికిత్స, యుద్ధకాలం

ఊ) మీ తరగతిలో ఎవరినీ మారుపేర్లతో బాధపెట్టకుండా ఉండటానికి మీరంతా కలిసి ఐదు నియమాలు వ్రాసి, గోడమీద అతికించండి. మీ ప్రాంతపు భాషలోకి కూడా వాటిని అనువదించండి.